తవిటమ్మ అడిగిన చోటు

అప్పలసూరికి సముద్రమంటే బొత్తిగా గిట్టదు. గాలి తిరిగిన రోజున దాని హోరు వాళ్ల చేలదాకా వినపడుతుంది. అన్ని నీళ్లుండి ఒక్క మడి తడపదు, ఒక్క విత్తు వేసుకోనివ్వదు, మరి దేనికొచ్చిన సముద్రం అని అతని గోల. అలాంటి మనిషి పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం మాఘ పున్నమికి, పెసరచేను కోతకొచ్చి నిలబడి ఉండగా, పనులన్నీ మానుకుని పెళ్లాన్ని బండెక్కించుకుని సముద్రపు ఒడ్డునున్న భావనపాడు బయలుదేరాడు. ఊళ్లో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఎందుకు వెళ్తున్నాడో అందరికీ తెలుసు.

అతని పెళ్లాం తవిటమ్మ మాట్లాడటం మానేసి ఆర్నెల్లయింది. మూగదైపోలేదు. ఎడ్లకి కుడితి పెట్టానని చెబుతుంది, ఉప్పు నిండుకుందని చెబుతుంది. అంతకు మించి ఆవిడ నోట వచ్చేది ఒక్కటే మాట. పొద్దున్న గంజి ముంత ముందు పెట్టి అడుగుతుంది. పొలం నుంచి వచ్చాక కాళ్లు కడుక్కోవడానికి చెంబు అందిస్తూ అడుగుతుంది.

“మావా, పిల్లని ఎక్కడ పెట్టినారు?”

అప్పలసూరిదీ ఎప్పుడూ ఒకటే జవాబు. “సెప్పకూడదే. మనింట ఆనవాయితీ నేదు.”

తవిటమ్మ కథ సగం ఆవిడ పేరులోనే ఉంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పొరుగింటావిడకి ఇచ్చేసి, బదులుగా దోసెడు తవుడు పుచ్చుకుంటారు. తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డ మీద మృత్యువుకి మాత్రం ఆశేముంటుందని వాళ్ల ఎత్తు. తవిటమ్మ అలా తవుడుకి పోయి తిరిగొచ్చి బతికిన పిల్ల. అందుకే తన మొదటి రెండు కాన్పులూ దక్కక, మూడోసారి ఆడపిల్ల గుక్కపెట్టి ఏడుస్తూ పుట్టగానే, పురిటి మంచం మీద నుంచే తొందరపెట్టింది. పక్కింటి కూర్మమ్మ తవుడు తెచ్చి పిల్లని కొనుక్కుంది. గుమ్మం దాటి వెళ్లి, మళ్లీ వచ్చి అమ్మేసింది. అంతా పద్ధతిగానే జరిగింది, తవుడు కూడా మంచి తవుడే. మృత్యువు మాత్రం మోసపోలేదు.

ఇంకా పురుడు వెళ్లనేలేదు. శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున, తల్లి మగతగా పడుకుని ఉండగా, పిల్ల పక్కలోనే చల్లబడిపోయింది. తవిటమ్మ లేచి తడుముకునేసరికి పక్క ఖాళీగా ఉంది.

ఆ ఇంట్లో ఆనవాయితీ ఏమిటంటే, పురిటిబిడ్డ పోతే కన్నవాళ్లకి చూపించరు. ఇంటిపెద్ద ఒక్కడే మూట తీసుకుని వెళ్లి, ఎక్కడో పూడ్చిపెట్టి, కాలవలో మునిగి తడిబట్టలతో తిరిగొస్తాడు. ఎక్కడ పెట్టిందీ ఎవరికీ చెప్పడు. చోటు తెలిస్తే తల్లి మనసు అక్కడే పాతుకుపోతుందని, మళ్లీ కడుపు పండదని వాళ్ల నమ్మకం. ఎవడు పెట్టాడో గానీ ఈ ఆనవాయితీ, వాడు ఏనాడూ బాలింతరాలు కాలేదు.

అప్పటి ఇంటిపెద్ద అప్పలసూరి పెదనాన్న జోగయ్య. ఆ తెల్లవారుజామున అప్పలసూరి పశువుల పాక దగ్గర నిలబడి ఉండగా, జోగయ్య పాత పంచెలో చుట్టిన మూట పట్టుకుని పెరటి వైపు వచ్చాడు. “అటు తిరుగు” అన్నాడు. అప్పలసూరి అటు తిరిగాడు. అడుగుల చప్పుడు ఆగిపోయాక మళ్లీ ఇటు తిరిగాడు. పురుడు వెళ్లకుండా మగాడు పురిటిగదిలోకి వెళ్లకూడదు కాబట్టి, అంతకు ముందూ పిల్లని చూసింది లేదు. చచ్చిపోయాకైనా చూడలేదు.

ఈ సంగతి తవిటమ్మకి తెలియదు. మొదటిసారి అడిగినప్పుడు ఇతగాడు మగాణ్నన్న బింకంతో “తెలిసినా సెప్పకూడదు” అనేశాడు. తెలుసు కాబట్టే అలా అంటున్నాడని ఆవిడ అనుకుంది. తర్వాత మెల్లగా పెదనాన్నని అడిగి తెలుసుకుందాం, ఆవిడ దుఃఖం కాస్త తగ్గాక చెబుదాం అనుకున్నాడు. ఈలోగా కార్తీకంలో జోగయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అప్పుడు పరుగెత్తాడు అప్పలసూరి. ముసలాయన మంచం కోడు పట్టుకుని, “పెదనాన్నా, పిల్లని ఎక్కడ పెట్టినావు?” అని చెవిలో అరిచాడు. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వాధీనంలో ఉన్న చెయ్యి ఎత్తి తూర్పుకి చూపించాడు. తూర్పున వాళ్ల చేలున్నాయి. చేల తర్వాత కాలవగట్టు, గట్టు తర్వాత జీడితోటలు, తోటల తర్వాత సముద్రం. ఎత్తిన చెయ్యి మంచం మీద పడింది. కొద్దిరోజులకే జోగయ్య కూడా పోయాడు.

మొగుడి గుండెలో ఒక రహస్యం దాగి ఉందని తవిటమ్మ అనుకుంటోంది. ఏనాటికైనా మెత్తబడి చెబుతాడని ఆ ఆశతోనే అన్నం వండుతోంది, చెంబు అందిస్తోంది. అతని దగ్గర ఏమీ లేదు. లేదని చెబితే ఈ మనిషి ఏమైపోతుందో అన్న భయం తప్ప.

భావనపాడు గంగులు అప్పలసూరికి నేస్తం. కుర్రతనంలో జాతరలో తాంబూలాలు మార్చుకుని నేస్తం కట్టారు కాబట్టి ఇప్పటికీ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఒకరిది నాగలి, ఒకరిది వల. కుప్పనూర్పుల వేళ గంగులు ఎండుచేపలు తెచ్చి ధాన్యం పట్టుకెళ్తాడు. ఆ ఏడు వచ్చినప్పుడు తవిటమ్మ మొహం చూసి తెచ్చిన చేపల సంగతే మరిచిపోయాడు.

“సెల్లెమ్మని పున్నానికి తీసుకురా నేస్తం. సముద్రతానం సేయించు. నావెక్కించి కెరటాలు దాటిస్తాను, సముద్రపు పందుల్ని సూపిస్తాను. అవి ఎగరతంటే సూసి నవ్వని మనిసిని నానింతవరకూ సూడనేదు” అన్నాడు.

పున్నమి నాడు భావనపాడు ఒడ్డంతా జనమే. స్నానాలు చేసేవాళ్లు, తడిబట్టలు పిండేవాళ్లు, ఇసకలో దీపాలు పెట్టేవాళ్లు. వేటకి సెలవు గనక గంగులు నావని అలంకరించి, ముక్కుకి పసుపు రాసి, యాత్రికులను ఎక్కించుకుంటున్నాడు. అప్పలసూరి దంపతులతోపాటు టెక్కలి బట్టల షావుకారు సూర్యారావు, అతని భార్య పార్వతీదేవి ఎక్కారు. నావ మొదటి కెరటం ఎక్కిందో లేదో, సూర్యారావు కళ్లు మూసుకుని బల్లని కావలించుకున్నాడు. ఆయన సముద్రాన్ని చూడటం అంతటితో సరి. పార్వతీదేవి అలా కాదు. ఒళ్లో మరమరాల సంచి పెట్టుకుని, నాలుగు దిక్కులూ ఒక్కసారే చూసెయ్యాలన్నట్టు మెడ తిప్పుతోంది.

“పందులేమిటయ్యా, పుణ్యస్నానం చేసొచ్చాం, వేరే పేరు లేదా వాటికి?”

“మావు అలగే పిలుస్తాం తల్లీ. అవి ఏటీ అనుకోవు.”

“తిమింగలం కనిపిస్తుందా మరి?”

“అది దాని ఇష్టం. ఒకేడు మా నావ పక్క నుంచి ఎల్లినాది. కొబ్బరికాయ కొట్టి దండమెట్టినాం. అంతకంటే ఏటి సేస్తాం?”

తెడ్లు వేసేవాళ్లు నవ్వారు. తవిటమ్మ నవ్వలేదు. చీరకొంగు తల మీదకి లాక్కుని నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. ఒడ్డు సన్నని గీతయ్యాక గంగులు తెడ్లు ఆపించి, నావ అంచు మీద చేత్తో దరువు వేయడం మొదలుపెట్టాడు.

మొదట ఒక డాల్ఫిన్ లేచింది. నల్లగా నున్నగా, ఎండకి మెరుస్తూ గాల్లో వంగి చప్పుడు లేకుండా మునిగింది. వెంటనే ఇంకోటి, దాని పక్కన రెండు. కాసేపటికి నావ చుట్టూ అవే. జతగా లేచేవి కొన్ని, పోటీపడి ఎగిరేవి కొన్ని. ఒకటి నావకి ఆనుకుని వచ్చి బుస్సుమని ఊపిరి వదిలితే ఆ తుంపర పార్వతీదేవి మొహం మీద పడింది. ఆవిడ కెవ్వుమని అరిచి, అరిచినందుకు తానే పకపకా నవ్వింది. అప్పలసూరి వాటిని చూడటం లేదు. పెళ్లాం మొహమే చూస్తున్నాడు. కొంగు జారింది. కళ్లు పెద్దవయ్యాయి. పెదవి చివర కాస్త కదిలింది. అప్పలసూరి జన్మలో మొదటిసారి సముద్రానికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

“అదిగో, అదిగో! పిల్లని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తోంది చూడండి!” అంది పార్వతీదేవి. గుప్పెడు మరమరాలు తీసి అటు విసిరింది.

గుంపుకి కొంచెం ఎడంగా ఒక పెద్దది మెల్లగా వస్తోంది. అది ఎగరటం లేదు. తల మీద చిన్నది. ఒక కెరటం వచ్చేసరికి చిన్నది పక్కకి జారిపోయింది. ఈదలేదు, తోక ఆడించలేదు, రాయిలాగ కిందికి దిగిపోయింది. పెద్దది గబుక్కున మునిగి, కింద నుంచి దాన్ని ఎత్తుకుని మళ్లీ పైకి తెచ్చింది. గాలి తగిలేలా నీళ్ల మీద నిలబెట్టింది. అది మళ్లీ జారింది. మళ్లీ ఎత్తింది.

గంగులు మొహం మారిపోయింది. అప్పలసూరి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

“సచ్చిన పిల్ల, నేస్తం. కొన్ని దినాల నుంచీ మోస్తంది, వేటకెల్లినప్పుడల్లా సూస్తన్నాం. మేత కూడా ముట్టుతున్నట్టు నేదు. ఇయ్యాల ఇటొస్తాదనుకోనేదు నాను. సెల్లెమ్మ సూడకముందే పోదాం.” తర్వాత పైకి, “నావ తిప్పండ్రా” అన్నాడు.

“తిప్పకు అన్నా.”

తవిటమ్మ లేచి నిలబడింది. ఊగుతున్న నావలో రెండు చేతులా అంచు పట్టుకుని అటే చూస్తోంది. పార్వతీదేవి అప్పటికి అర్థం చేసుకుంది. రెండో గుప్పెడు మరమరాలు చేతిలోనే ఉండిపోయాయి. ఇంకో చేత్తో నోరు మూసుకుంది.

“దాని పిల్లని ఎవులూ అట్టుకుపోనేదు” అంది తవిటమ్మ.

ఎగిరే గుంపు ఆ పెద్దదాని చుట్టూ చేరి, దాని నడకే నడుస్తోంది. ఏ ఒక్కటీ వచ్చి, ఇంక వదిలెయ్యి, నలుగురూ ఏమనుకుంటారు అని చెప్పటం లేదు.

“మోసుకో తల్లీ” అంది తవిటమ్మ దానితో. “సేతులు నేకపోయినా మోస్తన్నావు. సేతులుండి నానేటి సేసినాను? పడుకున్నాను.”

అప్పలసూరి ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ఆవిడ ఇటు తిరిగింది. అందరి ముందూ అడిగింది.

“మావా, ఇక్కడ మనిల్లు నేదు, మన ఆనవాయితీ నేదు. పిల్లని ఎక్కడ పెట్టినారు?”

నిజం అప్పలసూరి నాలుక మీదకి వచ్చింది. వచ్చిన మాట ఆ మొహం చూసి ఆగిపోయింది. ఆర్నెల్లుగా చచ్చిపోయి ఉన్న మొహంలో ప్రాణం కనబడుతోంది. నాకూ తెలియదని ఆ మొహం మీద ఎలా కొట్టడం? పెదనాన్న ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. తూర్పు గుర్తొచ్చింది. తూర్పున మొదట కనిపించేదే చెప్పేశాడు.

“మన పెసరసేను గట్టు మీద. ఈతసెట్టు మొదల్లో.”

“ఈతసెట్టు కిందా? రోజూ నాను నీకు అన్నం మూట దించేది అక్కడే కదా!”

“ఊ.”

తవిటమ్మ కూలబడి ఏడ్చింది. ఆర్నెల్లలో ఆవిడ ఏడవడం అదే మొదలు. పార్వతీదేవి దగ్గరికి జరిగి, ముక్కూమొహం తెలియని ఆ రైతుమనిషిని ఒళ్లోకి లాక్కుని తానూ ఏడ్చింది. నావ ఒడ్డుకి తిరిగింది. ఆ పెద్దది వెనకాల ఇంకా ఎత్తుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం గంగులు ఇంట్లో తవిటమ్మ కడుపునిండా అన్నం తింది, మారు కూడా అడిగింది. తిరుగుదారిలో ఉప్పుమడుల పక్కన బండి పోతుంటే మొగుడి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అప్పలసూరి ఎడ్లని అదిలించకుండా, తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అబద్ధమే గానీ దీనివల్ల ఎవరికేం నష్టం? ఆ చెట్టు కింద ఇంత పాలు పోసుకుంటుంది, ఒక దీపం పెట్టుకుంటుంది, ఏడ్చి తేలికపడుతుంది. ఇలా అనుకున్నాడు పాపం. ఒకే నావలో పక్కపక్కన కూర్చున్నారు గానీ, ఆ నీళ్లలో పెళ్లాం ఏం చూసిందో ఆ మొగుడికి అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున అతను నిద్ర లేచేసరికి పొయ్యి రాజెయ్యలేదు. మూలనుండే పలుగు లేదు, గోడకి ఉండే చేట లేదు. అప్పలసూరి చొక్కా కూడా వేసుకోకుండా చేలకడ్డంపడి పరుగెత్తాడు.

ఈతచెట్టు మొదట్లో మోకాలి లోతు గొయ్యి ఉంది. గోతిలో తవిటమ్మ ఉంది. గట్టు మీద ఉతికిన మెత్తని పాతచీర పరిచి ఉంది. దాని పక్కన చేట, చేటలో దోసెడు తవుడు.

“ఒచ్చినావా మావా” అంది. కోపం లేదు, పిచ్చి చూపూ లేదు. చెమట తుడుచుకుని సొంత మనిషితో పని గురించి మాట్లాడినట్టు అడిగింది. “ఇటు కాదా? ఇంకొంచెం అటా? ఎంత లోతు పెట్టినారు? ఒక్కపాలి ఎత్తుకుని మళ్లీ పెట్టేస్తాను. ఊరికే అడగను, భూమికి తవుడిచ్చే తీసుకుంటాను.”

అప్పలసూరి గోతి ఒడ్డున చతికిలబడ్డాడు.

“తవిటీ, అక్కడ నేదే.”

ఆవిడ పలుగు ఆపింది.

“ఎక్కడున్నాదో నాకు తెల్దు. పెదనాన్న నాకూ సెప్పనేదు. అటు తిరగమన్నాడు, తిరిగినాను. మంచాన పడినాక అడిగితే తూరుపుకి సెయ్యి సూపినాడు, అంతే. నిన్న అబద్ధమాడినాను. నాను పిల్ల మొకం కూడా సూడనేదే.”

పలుగు పెట్టి కొట్టినా బాగుండును అనుకున్నాడు. తిట్టినా బాగుండును. తవిటమ్మ అలాగే నిలబడి ఉంది. ఆర్నెల్లు ఆవిడ పట్టుకుని వేలాడిన కొమ్మ విరిగిపోయింది. విరిచింది తానే. ఆవిడ గోతిలోంచే అడిగింది.

“ఎలగుంటాదో కూడా నీకు తెల్దా?”

“తెల్దు.”

తవిటమ్మ పలుగు పక్కన పడేసి, గోతి ఒడ్డున అతని పక్కన కూర్చుంది. చేతుల నిండా మట్టి.

“ముక్కు నీదే” అంది. “ఎడం సెవి ఎనక పుట్టుమచ్చ ఉన్నాది. పాలు తాగినప్పుడు నా ఏలు గట్టిగా అట్టుకునేది, ఇడిపించుకోనిచ్చేది కాదు.”

అప్పుడు ఏడ్చాడు అప్పలసూరి. పాక దగ్గర అటు తిరిగి నిలబడ్డనాడు ఏడవనిది, పెదనాన్న పాడె మోసిననాడు ఏడవనిది, అంతా ఒక్కసారే గొంతు చించుకుని వచ్చింది. పక్క చేలల్లో పెసర కోస్తున్న వాళ్లు కొడవళ్లు ఆపి ఇటు చూశారు. ఆవిడ ఓదార్చలేదు. ఆవిడ దగ్గర ఓదార్పు మిగిలి ఉంటే కదా.

“పెదమావ తూరుపుకి సూపినాడా?” అని అడిగింది.

“ఊ.”

తవిటమ్మ లేచి నిలబడి తూర్పుకి చూసింది. మడి తర్వాత మడి, గట్టు తర్వాత గట్టు, కాలవ దాకా అంతా వాళ్ల నేలే. “అయితే ఈ సేలల్లోనే ఎక్కడో ఉండుంటాది” అంది. పాతచీర మడత పెట్టి చేటలో తవుడు మీద పెట్టుకుని, చేట చంకనెత్తుకుని ఇంటికి నడిచింది. గొయ్యి అప్పలసూరి ఒక్కడే పూడ్చాడు.

ఏరువాకకి తొలకరి పడింది. ఊరంతా నాగళ్లు కట్టింది. అప్పలసూరి కూడా ఎడ్లని తోలుకుని తూర్పు మడిలో దిగాడు. కర్రు దించే ముందు వంగి ఆ చోట మట్టి చేత్తో తడిమి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ ఏడూ చెయ్యని పని అది. మొదటి చాలు సగం పోయిందో లేదో, తవిటమ్మ గట్టు దిగి వచ్చి ఎడ్ల ముందు నిలబడింది. చంకలో చేట, చేటలో తవుడూ మడత పెట్టిన పాతచీరా ఉన్నాయి.

నేల మీద నుంచి చూపు మరల్చకుండా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఆమె ముందు నడవడం మొదలుపెట్టింది. పక్క మళ్లవాళ్లు అప్పటికే రెండేసి చాళ్లు ముగించి వెనక్కి తిరుగుతున్నారు. అప్పలసూరి పగ్గాలు బిగబట్టి ఎడ్లని ఆవిడ నడకకి ఆపుతున్నాడు. అలవాటు లేని ఎడ్లు మెడలు విదిలిస్తున్నాయి.

“నెమ్మదిగా తోలు మావా” అంది తవిటమ్మ వెనక్కి తిరగకుండానే.